పార్సిల్ డబ్బాలో నారు పోద్దాం: గింజ నుంచి కుండీ దాకా

ఆదివారం బిరియానీ తెప్పించుకున్న ఇంట్లో సోమవారం పొద్దున సింకు పక్కన రెండు మూడు డబ్బాలు కనిపిస్తాయి. నల్లటి అడుగు, అద్దంలా లోపలిది కనిపించే మూత. పారేయడానికి మనసు రాదు, దాచడానికి చోటుండదు. మా ఇంట్లో అవన్నీ డాబా మీదికి వెళ్తాయి. పెరుగు కప్పులు, ఐస్‌క్రీమ్ డబ్బాలు, స్ట్రాబెర్రీలు వచ్చే చిల్లుల పెట్టెలు, మిఠాయి కొట్టువాళ్ళిచ్చే మూతల బాక్సులు కూడా. మా కుండీల్లో కాసే టమాటా, వంగ, మిరప, బంతి, తులసి మొక్కలన్నీ ఈ డబ్బాల్లో మొలిచినవే. నారు పోయడానికి ప్రత్యేకంగా ట్రేలు కొనాల్సిన పని లేదని మనస్ఫూర్తిగా నమ్ముతాను. మా అమ్మ చిల్లుపడిన తట్టలో వంగనారు పోసేది. తట్ట పోయి డబ్బా వచ్చింది, పని మాత్రం అదే.

డబ్బాలో నారు అంటే చాలామంది ఒకే తప్పు దగ్గర ఓడిపోతారు. ముందు దాని సంగతి చెప్పి తర్వాత పనిలోకి వెళ్తాను.

మూత పెట్టేది వేడి కోసం కాదు, తేమ కోసం

మొదట్లో నేను ఈ పని నేర్చుకున్నది చలిదేశాల వాళ్ళ వీడియోలు చూసి. డబ్బాలో మట్టి నింపి, గింజలు వేసి, మూత బిగించి, ఎండ బాగా పడే కిటికీలో పెట్టమని చెప్పారు. నేనూ అలాగే ఒక ఏప్రిల్‌లో ఆరు డబ్బాల్లో గింజలు వేసి, మూతలు బిగించి, మా విజయవాడ డాబా పిట్టగోడ మీద వరసగా పెట్టాను. మూడోరోజు మధ్యాహ్నం ఒక మూత తీస్తే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి ముఖానికి కొట్టింది. మట్టిలో వేలు పెడితే చురుక్కుమంది. పదిహేను రోజులు చూశాను, ఒక్క మొలక రాలేదు. ఒక గింజను తవ్వి తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా నలిగిపోయింది. ఊళ్ళో మా పిన్ని కాయ కోసి, గింజ ఎండబెట్టి, బూడిద కలిపి ఏడాదిపాటు దాచి ఇచ్చిన వంగ విత్తనాలు అందులో ఉన్నాయి. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

జరిగింది ఇదీ. అద్దంలాంటి ప్లాస్టిక్ గుండా ఎండ లోపలికి వెళ్తుంది, వేడి మాత్రం బయటికి రాలేదు. బయట ఐదారు డిగ్రీలే ఉండే దేశంలో ఆ వేడి గింజకు ప్రాణం పోస్తుంది. బయటే నలభై ఉండే మన దగ్గర అదే గింజను ఉడకబెడుతుంది. టమాటా గింజ 20 నుంచి 30 డిగ్రీల మధ్య చక్కగా మొలుస్తుంది, 35 దాటితే మొలక బాగా తగ్గిపోతుంది. ఆ వెచ్చదనం ఏడాదిలో ఎక్కువ నెలలు మనకు నీడలోనే దొరుకుతుంది. మనకు దొరకనిది ఆరిపోని తేమ. పైన అరంగుళం మట్టి ఒక్క పూటలో ఎండిపోయి, అప్పుడే పగిలిన గింజ ఆ ఎండులో చచ్చిపోతుంది. డబ్బా మూత ఆపాల్సింది దాన్ని. అందుకే మూత పెట్టిన డబ్బా నీడలోనే ఉండాలి, మొలకలు పైకి వచ్చాక మూత తీసి వెలుతురులోకి మార్చాలి. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఈ మాట మీదే నిలబడుతుంది.

ఏ డబ్బా దేనికి

లోతు చూడండి. కనీసం రెండంగుళాలు, అంటే ఐదు సెంటీమీటర్లు, మట్టి పట్టాలి. మూడంగుళాలుంటే ఇంకా మంచిది. అర లీటరు, ముప్పావు లీటరు బిరియానీ డబ్బాలు నారుకు సరిగ్గా సరిపోతాయి. ముప్పావు లీటరు డబ్బాలో పన్నెండు నుంచి పదిహేను టమాటా మొలకలు ఒకదాన్నొకటి తొక్కుకోకుండా పెరుగుతాయి. ఒక ఇంటి డాబాకు అన్ని టమాటా మొక్కలు చాలు, ఇంకా పక్కింటికి పంచిపెట్టవచ్చు కూడా.

పెద్ద పెరుగు కప్పులు బీర, సొర, కాకర, దోస లాంటి తీగజాతులకు. వీటి వేళ్ళు కదిపితే ఊరుకోవు. కప్పుకు ఒక్క గింజ వేసి, మట్టిగడ్డ చెదరకుండా నాటుకోవాలి. వంద గ్రాముల చిన్న కప్పులు, డబ్బాలో మొలిచిన టమాటా, మిరప మొక్కలను విడివిడిగా మార్చడానికి పనికొస్తాయి. స్ట్రాబెర్రీ పెట్టెలకు ముందే చిల్లులుంటాయి కాబట్టి మనకు ఒక పని తప్పుతుంది. కానీ ఆ ప్లాస్టిక్ పల్చన, ఎండకు తొందరగా పెళుసెక్కుతుంది. ఒకటి రెండు విడతలకే వాడండి.

డబ్బా అడుగున త్రికోణం మధ్య ఒక అంకె ఉంటుంది, తిప్పి చూడండి. 5 ఉంటే పాలీప్రొపిలీన్. వేడివేడి కూర పోసే పార్సిల్ డబ్బాలు చాలావరకు ఇదే. కొంచెం వంగుతుంది కానీ పగలదు, దబ్బనంతో చిల్లులు పెట్టినా చీలదు. నేను దాచేవి ఇవే. 1 ఉంటే పెట్, నీళ్ళ సీసాలు, కేకుల పెట్టెలు చేసేది. అద్దంలా కనిపిస్తుంది కాబట్టి మూతగా బాగుంటుంది, అడుగుగా అంత మన్నిక ఉండదు. 6 అంటే పాలీస్టైరీన్, థర్మాకోల్ కూడా ఆ జాతిదే. నొక్కితే పటపటా విరిగి, ముక్కలు మట్టిలో కలిసిపోతాయి. అది వద్దు. పురుగుమందు, ఫినాయిల్, రంగులు పోసిన డబ్బాలు ఎంత కడిగినా వద్దు, ఆ మట్టిలో పెరిగేది రేపు మనం తినే మొక్క.

జిడ్డు వదిలించడం

బిరియానీ డబ్బా మూలల్లో నూనె పేరుకుంటుంది. నీళ్ళు పోస్తే కదలదు, మట్టిలో బూజుకు, చీమలకు మేతవుతుంది. ముందు పాత పేపరుతో గట్టిగా తుడిచేయండి. తర్వాత కొద్దిగా శనగపిండిగానీ బియ్యప్పిండిగానీ చల్లి పొడిగా రుద్దితే నూనె పిండికి అంటుకుని వచ్చేస్తుంది. ఆ పైన గిన్నెల సబ్బు, వేడినీళ్ళు. మూలలో వేలు పెట్టి లాగితే కీచుమనాలి. జారితే ఇంకా జిడ్డుందని అర్థం.

కొత్తగా ఇంటికొచ్చిన డబ్బాకు ఇంత చాలు. ఇంతకుముందు నారు పోసిన డబ్బానే మళ్ళీ వాడుతుంటే, అందులో నారు కుళ్ళు తెగులు బీజాలుండవచ్చు. అప్పుడు ఒక వంతు ఇంట్లో వాడే బ్లీచ్ ద్రావణం, తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి డబ్బాలను పది నిమిషాలు ముంచి, మంచినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టండి. బ్లీచ్‌లో బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌ని మాత్రం ఎప్పుడూ కలపకండి, ఊపిరితిత్తులను పాడుచేసే విషవాయువు వస్తుంది.

చిల్లులు

గోనెసంచులు కుట్టే దబ్బనం ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. లేకపోతే పాత స్క్రూడ్రైవర్. దబ్బనాన్ని పట్టకారుతో పట్టుకుని కొవ్వొత్తి మంట మీద వేడి చేసి, డబ్బా లోపలి నుంచి బయటికి పొడవండి. బయటి నుంచి లోపలికి పొడిస్తే కరిగిన ప్లాస్టిక్ లోపలి వైపు చిన్న గట్టులా లేస్తుంది, ఆ గట్టు చుట్టూ నీళ్ళు నిలిచిపోతాయి. లోపలి నుంచి పొడిస్తే గట్టు కింద ఉంటుంది, నీళ్ళు పూర్తిగా దిగిపోతాయి. ప్లాస్టిక్ పొగ పీల్చకూడదు కాబట్టి ఈ పని బాల్కనీలోనో డాబా మీదో చేయండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

అర లీటరు డబ్బాకు ఎనిమిది నుంచి పది చిల్లులు, ఒక్కొక్కటి మిరప గింజ పట్టేంత, అంటే మూడు నాలుగు మిల్లీమీటర్లు. నాలుగు మూలల్లో తప్పకుండా ఒక్కోటి పెట్టండి, నీళ్ళు చేరేది అక్కడే. పెరుగు కప్పుకు నాలుగు చాలు. మూతకు ఐదారు చిల్లులు పెట్టండి, అవి గాలికి. కొందరు అడుగున గులకరాళ్ళు పరుస్తారు, ఇంత చిన్న డబ్బాలో అది మట్టి చోటు తినడమే తప్ప మేలు లేదు. చిల్లుల మీద ఒక పొర పాత కాటన్ గుడ్డగానీ కొబ్బరి పీచుగానీ వేస్తే మట్టి జారిపోదు.

డబ్బా అడుగు నేలకు అతుక్కుంటే చిల్లులున్నా లేనట్టే. రెండు పుల్లల మీదో, చెక్కముక్కల మీదో ఎత్తి పెట్టండి.

మట్టి కాదు, నారు మిశ్రమం

కుండీలో మట్టి తీసి డబ్బాలో నింపేయాలని అనిపిస్తుంది. వద్దు. అది నాలుగు తడులకు గట్టిపడి పెచ్చు కడుతుంది, మొలక దాన్ని పగలగొట్టుకుని పైకి రాలేదు. అందులో కలుపు గింజలు, తెగుళ్ళు ఎలాగూ ఉంటాయి.

నేను కలిపేది రెండు పాళ్ళు కొబ్బరిపొట్టు, ఒక పాలు జల్లించిన వర్మీకంపోస్టు, దానికి ఒక గుప్పెడు దొడ్డు ఇసుక. వర్మీకంపోస్టు దొరక్కపోతే బాగా మాగిన పశువుల ఎరువు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పేడవాసన రాకూడదు, వానకు తడిసిన నేల వాసన రావాలి. మాగని ఎరువు మొలక వేరును మాడ్చేస్తుంది.

కొబ్బరిపొట్టు ఇటుకల రూపంలో దొరుకుతుంది. దాన్ని బకెట్ నీళ్ళలో నానబెడితే ఉబ్బి విడిపోతుంది. అందులో ఉప్పు మిగిలి ఉండే అవకాశం ఉంది, ఉప్పుంటే ఆకుల అంచులు మాడతాయి. అందుకని రెండు మూడుసార్లు నీళ్ళు మార్చి పిండండి. మొదటి నీళ్ళు టీ డికాషన్‌లా వస్తాయి, మూడోసారికి తేటగా వస్తాయి. "కడిగిన పొట్టు" అని అట్టపెట్టె మీద రాసి అమ్మితే కూడా నేను ఒకసారి కడుగుతాను.

మిశ్రమాన్ని గుప్పిట్లో గట్టిగా పిండండి. వేళ్ళ సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనిపించి ఆగిపోవాలి, చెయ్యి విప్పితే ముద్ద నిలబడి, వేలితో తాకగానే విడిపోవాలి. ధారగా కారితే తడి ఎక్కువ. ముద్ద కట్టకపోతే తక్కువ. ఈ ఒక్క పరీక్ష చేతికి అలవాటైతే సగం పని వచ్చినట్టే.

బకెట్ మిశ్రమానికి ఒక గుప్పెడు వేపపిండి, రెండు చెంచాల ట్రైకోడెర్మా విరిడి పొడి కలిపి, తడి ఆరకుండా గోనె కప్పి నీడలో వారం ఉంచితే నారు కుళ్ళు చాలావరకు రాదు. ట్రైకోడెర్మా మేలుచేసే శిలీంధ్రం, చెడ్డ శిలీంధ్రాలను పెరగనివ్వదు. ఎరువుల దుకాణాల్లో దొరుకుతుంది. దానితోపాటు రసాయన శిలీంధ్రనాశినులు కలపకండి, అదీ చచ్చిపోతుంది.

ఎప్పుడు, ఏ గింజ

వానాకాలం పంటకు రోహిణి కార్తె ఎండలు తగ్గుతుండగా, జూన్ మొదట్లో నారు పోస్తే మృగశిర చల్లబడ్డాక నాటుకోవచ్చు. నాకు బాగా కలిసొచ్చేది ఆగస్టు చివర నుంచి అక్టోబరు దాకా పోసిన నారు. చలికాలం మొదలయ్యేసరికి మొక్క నిలదొక్కుకుంటుంది, తెగుళ్ళు తక్కువ, కాపు ఎక్కువ. క్యాబేజీ, కాలీఫ్లవర్ వేసేవాళ్ళు ఈ సమయాన్ని వదులుకోకూడదు. ఏప్రిల్, మే నెలల్లో డబ్బా నారు కొత్తవాళ్ళకు నేను సలహా ఇవ్వను.

దాచిన గింజలైతే ముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి పెరుగు కప్పులో మూతపెట్టి చూడండి. ఏడెనిమిది మొలిస్తే మంచి విత్తనం. నాలుగైదే మొలిస్తే రెట్టింపు వేయండి. కొన్న గింజలు గులాబీ రంగులో ఉంటే అది మందు పూత, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. సంకర రకాల గింజ మరుసటి ఏడాదికి దాచుకుంటే తల్లి గుణాలు రావు. దాచుకోవాలనుకునేవాళ్ళు వంగలో భాగ్యమతి, టమాటాలో పీకేఎమ్-1, అర్క వికాస్, మిరపలో పూసా జ్వాల లాంటి సూటి రకాలు, అంటే సంకరం కానివి, వేసుకోండి.

మిరప గింజ రాత్రంతా నానబెడితే తొందరగా లేస్తుంది. కాకర గింజ పెంకు మందం, మొనవైపు గోళ్ళ కత్తెరతో కొంచెం గిల్లి పన్నెండు గంటలు నానబెట్టండి.

ముల్లంగి, క్యారెట్ డబ్బాలో వేయకండి. వాటి వేరు కదా మనకు పంట, మార్చి నాటితే అది వంకర్లు పోతుంది. బెండ, చిక్కుడు, తోటకూర, పాలకూర కూడా కుండీలో నేరుగా వేస్తేనే సుఖం.

విత్తడం

డబ్బాను అంచుకు అరంగుళం కింది దాకా నింపి, అరచేత్తో మెల్లగా ఒత్తండి. గట్టిగా నొక్కితే గాలి పోతుంది. పెన్సిల్‌తో అంగుళం ఎడంగా గీతలు గీసి, గీతలో అంగుళానికొక గింజ పెట్టండి. చిటికెతో చల్లితే ఒకేచోట పది గింజలు పడి, తర్వాత వేళ్ళు చిక్కుకుపోతాయి. పదిహేను గింజలు ఒక్కొక్కటిగా పెట్టడానికి ఐదు నిమిషాలు పడుతుంది, ఆ ఐదు నిమిషాలు పెట్టండి.

గింజ మందానికి రెండు మూడు రెట్లే లోతు. టమాటా, వంగ, మిరపకు అర సెంటీమీటరు చాలు. తులసి, లెట్యూస్ లాంటి నలుసు గింజలను పైన అద్ది, చిటికెడు పొట్టు రాల్చి వదిలేయండి. లెట్యూస్ మొలవడానికి వెలుతురు కూడా కావాలి. బీర, సొర ఒక అంగుళం లోపలికి.

తర్వాత నీళ్ళు. చెంబుతో పోస్తే గింజలన్నీ కొట్టుకుపోయి ఒక మూల చేరతాయి. మా అమ్మ ఎప్పుడూ అనేది, "నారుకు నీళ్ళు చేత్తో చిలకరించాలే, చెంబుతో పోయకూడదు" అని. నీళ్ళ సీసా మూతకు సూదితో పది చిల్లులు పెట్టి నొక్కితే సన్నటి జల్లు వస్తుంది, అదే నా జల్లు చెంబు.

పేరు రాయండి. మర్కర్ ఎంత ముదురుగా రాసినా నెలరోజుల ఎండకు వెలిసిపోతుంది. తెల్లటి పెరుగు డబ్బా మూతను వేలెడు బద్దలుగా కత్తిరించి, పెన్సిల్‌తో పంట పేరు, తేదీ రాసి గుచ్చండి. పెన్సిల్ రాత ఎండకీ వానకీ చెరగదు. వంగ, టమాటా, మిరప మొలకలు తొలి రోజుల్లో ఒక్కలాగే ఉంటాయి, చీటీ లేకపోతే తికమక పడతారు.

మూత కింద ఆ వారం

మూత పెట్టి, ఎండ పొడ పడని చోట ఉంచండి. మెట్ల కింద, వరండాలో, వంటింటి అరుగు మీద. ఈ దశలో వెలుతురు పెద్దగా అక్కర్లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. మూత లోపల సన్నటి మంచులా తేమ పట్టి ఉంటే అంతా సరిగ్గా ఉంది. పెద్ద చుక్కలై కారుతుంటే తడి ఎక్కువైంది, ఒక పూట మూత తీసి ఉంచండి. మూత పొడిగా ఉంటే జల్లు కొట్టండి. మూతే మీకు కబురు చెబుతుంది, మట్టిని వేలితో కెలకనక్కర్లేదు.

క్యాబేజీ మూడు నాలుగు రోజుల్లో, టమాటా ఐదు నుంచి ఎనిమిది రోజుల్లో, వంగ ఆరు నుంచి పది రోజుల్లో లేస్తాయి. మిరపకు ఓపిక కావాలి, ఎనిమిది నుంచి పన్నెండు రోజులు, చలిరోజుల్లో ఇంకా ఎక్కువ.

మొలక మొదట తలవంచుకుని వస్తుంది. మట్టిలోంచి తెల్లటి దారం ఉంగరంలా వంగి కనిపిస్తుంది, రెండు కొసలూ మట్టిలోనే. మరునాటికి ఒక కొస ఊడివచ్చి, గింజ తొడుగును టోపీలా పెట్టుకుని నిలబడుతుంది. ఆ తొడుగును గోటితో లాగకండి, లోపలున్న మొదటి జత ఆకులు (బీజదళాలు) తెగిపోతాయి. ఒక చుక్క నీళ్ళు దాని మీద నిలిపితే మెత్తబడి, సాయంత్రానికి తనే రాలిపోతుంది.

మూడో వంతు గింజలు ఇలా నిలబడ్డ రోజు సాయంత్రమే మూత తీసేయండి. మిగతావి రాలేదని ఆగకండి. ఆగితే జరిగేది నారు కుళ్ళు. పొద్దున పచ్చగా నిలబడ్డ మొలక సాయంత్రానికి పక్కకు ఒరిగి ఉంటుంది. దగ్గరగా చూస్తే ఆకులు బాగానే ఉంటాయి, మట్టిని తాకే చోట మాత్రం కాడ దారంలా సన్నబడి, గోధుమరంగులో నీరుకారుతూ ఉంటుంది. పితియం, రైజోక్టోనియా లాంటి తెగులు సూక్ష్మజీవుల పని అది. గాలాడని చోట, తడి ఎక్కువైనచోట డబ్బా మొత్తాన్ని రెండు రోజుల్లో తుడిచిపెడతాయి. ఒరిగిన మొలకను కాపాడలేం. చుట్టూ ఉన్న మట్టితో సహా చెంచాతో తీసి పారేసి, మిగిలిన డబ్బాను గాలిలోకి మార్చి, పైన పొడి ఇసుక పల్చగా చల్లి, రెండు రోజులు నీళ్ళు తగ్గించండి.

వెలుతురు, నీళ్ళు, దొంగలు

మూత తీసిన మర్నాటి నుంచి పొద్దుటెండ కావాలి. మొదటి రెండు రోజులు ఎనిమిదింటి దాకా, తర్వాత తొమ్మిదిన్నర, పది దాకా. ఆ పైన యాభై శాతం నీడ ఇచ్చే పచ్చ వల కిందికో, చెట్టు నీడకో మార్చండి. ఇంట్లోనే ఉంచేస్తే మొలకలు వెలుతురు కోసం మెడ చాచి, పాలిపోయి, దారాల్లా సాగుతాయి. అలా సాగిన మొక్క తర్వాత కోలుకున్నా కాపు ఆలస్యం.

"నారు పోసినవాడు నీరు పోయడా" అంటారు. డబ్బా నారులో నేను చూసిన నష్టమంతా ఎక్కువ పోసినవాళ్ళదే. పైన రంగు చూసి పోయకండి, డబ్బాను చేత్తో ఎత్తి చూడండి. తడిసిన డబ్బా బరువు ఒకసారి చేతికి తెలిస్తే, తేలికైన రోజు ఇట్టే పట్టేస్తారు. మొలకలు నిలబడ్డాక పైనుంచి పోయడం కంటే కిందనుంచి తాగించడం మేలు. డబ్బా మూతనే పళ్ళెంలా పరచి (చిల్లులు పెట్టనిది), అందులో అరంగుళం నీళ్ళు పోసి డబ్బాను ఇరవై నిమిషాలు నిలబెట్టండి. మట్టి కావలసినంత పీల్చుకుంటుంది. మిగిలిన నీళ్ళు పారబోయండి, దోమలు గుడ్లు పెడతాయి.

చీమలు లెట్యూస్ లాంటి చిన్న గింజలను మోసుకుపోతాయి. డబ్బాను ఒక ఇటుక మీద పెట్టి, ఆ ఇటుకను నీళ్ళ పళ్ళెంలో ఉంచితే అవి దాటలేవు, ఆ నీళ్ళు రెండు రోజులకోసారి మార్చండి. పావురాలు, పిచ్చుకలు లేత మొలకలు పీకుతాయి, వానాకాలంలో నత్తలు రాత్రికి రాత్రి నమిలేస్తాయి. మిరప, టమాటాకు వీటన్నిటికంటే పెద్ద శత్రువు తెల్లదోమ. ఆకుముడత వైరస్‌ను నారు దశలోనే అంటించి పోతుంది, నెల తర్వాత మనకు తెలుస్తుంది. దోమతెర కన్నాల్లోంచి అది దూరిపోతుంది. పల్చటి పాత ఓణీనో, వాయిల్ చీర ముక్కనో నాలుగు పుల్లల మీద గుడారంలా కప్పి, అంచులకు రాళ్ళు పెట్టండి. మా డాబా మీద ఈ ఒక్క గుడ్డ వల్లే మిరప కాస్తోంది.

ఎరువు తొందరపడి ఇవ్వకండి. ఉంగరం నుంచి విచ్చుకునే మొదటి జత ఆకులు బీజదళాలు, అవి గింజలోని తిండితోనే బతుకుతాయి. తర్వాత వచ్చేవి అసలు ఆకులు, టమాటాకైతే అంచులు చీలి, నలిపితే టమాటా వాసన వస్తాయి. అవి రెండు వచ్చాక, వర్మీవాష్ (వానపాముల ఎరువు తొట్టెలోంచి దిగే నీళ్ళు) ఒక వంతుకు పది వంతుల నీళ్ళు కలిపి వారానికొకసారి పోస్తే చాలు.

కప్పుల్లోకి మార్చడం, కుండీలో నాటడం

రెండు అసలు ఆకులు రాగానే టమాటా, వంగ, మిరప మొక్కల్ని పెరుగు కప్పుల్లోకి మార్చుకుంటే వేళ్ళు చక్కగా గుబురుకడతాయి. మారుస్తారా లేదా అన్నది మీ ఓపిక, పన్నెండు మొక్కలే ఉంటే డబ్బాలోంచే నేరుగా నాటినా నష్టం లేదు. మార్చేటప్పుడు గంటముందు బాగా తడిపి, ఐస్‌క్రీమ్ పుల్లను వేరు కిందికి గుచ్చి పైకి ఎత్తండి. మొక్కను ఆకు పట్టుకుని తీయాలి, కాడ పట్టుకోకూడదు. ఆకు నలిగితే ఇంకోటి వస్తుంది, కాడ నలిగితే మొక్క ఉండదు. టమాటాను బీజదళాల దాకా లోతుగా పెట్టవచ్చు, కాడ నుంచి కూడా వేళ్ళు పుడతాయి. వంగ, మిరప ఇంతకుముందున్న లోతులోనే.

టమాటా 25 నుంచి 30 రోజులకు, వంగ 30 నుంచి 35, మిరప 35 నుంచి 45 రోజులకు నాటడానికొస్తాయి. క్యాబేజీ, కాలీఫ్లవర్ నాలుగు వారాలకు. బీర, సొర, కాకర రెండు మూడు ఆకులుండగానే, రెండు వారాల్లోపే నాటేయండి, ఆలస్యమైతే వేరు కప్పు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది. నాటడానికి వారం ముందు నుంచి నీళ్ళు కాస్త తగ్గించి, ఎండ రోజూ ఒక గంట పెంచండి. కాడ కొంచెం గట్టిపడి, ముదురు రంగుకు తిరుగుతుంది.

నాటేది సాయంత్రం, ఎండ వాలాక. కప్పు పక్కలు అన్నివైపులా మెత్తగా నొక్కి, రెండు వేళ్ళ మధ్య కాడ ఉండేట్టు అరచెయ్యి కప్పి, తలకిందులు చేసి అడుగున ఒక్కటి తట్టండి. తెల్లటి వేళ్ళు అల్లుకున్న మట్టిగడ్డ కప్పు ఆకారంలోనే చేతిలోకి వస్తుంది. కుండీలో గుంట ముందే తీసి పెట్టుకోండి, వేరుకు గాలి తగలకుండా వెంటనే పెట్టి, చుట్టూ ఒత్తి, తడిపేయండి. రెండు మూడు రోజులు మధ్యాహ్నం నీడ ఇవ్వండి. పెద్ద పెరుగు డబ్బా అడుగు కోసేసి, ఆ వలయాన్ని మొక్క చుట్టూ మట్టిలో అంగుళం దింపితే కాడ కొరికే పురుగు దగ్గరికి రాదు.

అమెరికాలో ఉన్నవాళ్ళకు

మీ దగ్గర లెక్క తిరగబడుతుంది. చివరి మంచు తేదీకి టమాటా, వంగ ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, మిరప ఎనిమిది నుంచి పది వారాల ముందు ఇంట్లో వేయాలి. అక్కడ మూత నిజంగానే వెచ్చదనం కోసం. సలాడ్ ఆకులు వచ్చే అద్దంలాంటి మూతపెట్టెలు, గ్యాలన్ పాలడబ్బాలు ఈ పనికి చాలా బాగుంటాయి. ఫ్రిజ్ మీద కొంచెం వెచ్చగా ఉంటుంది, మొలిచేదాకా అక్కడ పెట్టి, మొలిచాక దక్షిణపు కిటికీకి గానీ ఎల్ఈడీ లైటు కిందికి గానీ మార్చండి. గోంగూర, బీర, సొర మూడు నాలుగు వారాల ముందు కప్పుల్లో వేస్తే చాలు, కానీ నేల వెచ్చబడేదాకా బయట నాటకండి. మంచు పోయినా చల్లటి నేలలో మన తీగలు ముడుచుకుపోతాయి.

డబ్బా మళ్ళీ రావాలంటే

నారు నాటేసిన రోజే డబ్బాలు దులిపి, కడిగి, ఆరబెట్టి, ఒకదానిలో ఒకటి పేర్చి నీడలో దాచండి. ఎండలో వదిలేస్తే ఏ ప్లాస్టిక్ అయినా పెళుసెక్కుతుంది. 5 అంకె డబ్బా నాకు మూడు నాలుగు విడతలు వస్తుంది. పేరు బద్దలు, సీసా మూత, దబ్బనం కూడా పై డబ్బాలోనే పెట్టుకుంటే మళ్ళీ కార్తెకు వెతుక్కోనక్కర్లేదు. దాచేముందు ప్రతి డబ్బా అంచునూ వేళ్ళతో కొంచెం వంచి చూడండి. పాలిపోయి, వంచగానే టక్కున చీలితే అది మట్టిలో ముక్కలు రాల్చే దశకు వచ్చింది. దాన్ని అదే రోజు పొడి చెత్తలో బండికిచ్చేయండి.